ఖాళీ గుంట పక్కనే గెలుపు

చేలు, చెరువులు, ఎద్దులు ఖాళీ అయిన చోటల్లా సర్జాపుర పిల్లలకు ఒకప్పుడు ఆటస్థలం దొరికేది. ఆ వేసవుల చరిత్ర తిరగేస్తే, ఈ సెలవుల్లో ఇంటిల్లిపాదీ ఏం చేయాలో కూడా కొంత తెలుస్తుంది.

మార్చి నెలాఖరులో మదనపల్లె నుంచి మా అమ్మ సర్జాపుర వచ్చింది. కొత్త చింతపండు డబ్బాతోపాటు పాత చీర ముక్కలో కట్టిన చిన్న మూట తెచ్చింది. విప్పితే గుప్పెడు చింతగింజలు. ఎనిమిదేళ్ళ మా పాప వాటిని వండుతారేమో అనుకుంది. అమ్మ నాలుగు గింజలు ఏరుకుని, బాల్కనీ మూల గరుకు సిమెంటు మీద ఒక్కోదాన్నీ బొటనవేలితో అదిమిపెట్టి రుద్దడం మొదలుపెట్టింది. ఒక పక్క నల్లటి పొట్టు పోయి తెల్లపప్పు బయటపడేదాకా రుద్దింది. మూడో గింజ బాగా వేడెక్కాక పాప మోచేతికి చటుక్కున తాకించింది.

"అమ్మమ్మా! చుర్రుమంది!"

"చుర్రుమనకపోతే అది ఎండాకాలం ఎట్లవుతుంది తల్లీ?"

కాసేపటికి లిఫ్టు ముందున్న నేల మీద సుద్దముక్కతో అడ్డం అయిదు, నిలువు అయిదు గళ్ళు పడ్డాయి. నాలుగు గింజలూ అరచేతుల్లో గలగలలాడించి విసిరితే, తెల్లవైపులన్నీ పైకి తిరిగితే చెమ్మ, నల్లవైపులన్నీ తిరిగితే అష్ట. నాలుగు, ఎనిమిది. ఎదురింటి కన్నడ అబ్బాయి తలుపు తీసి చూసి "చౌకాబారా!" అన్నాడు. పై అంతస్తు తమిళ పాప వాళ్ళ నానమ్మ దీన్నే దాయం అంటుందట. మూడు భాషల ఇళ్ళలో మూడు పేర్లున్న ఆ ఆటకు ఒక్క సుద్దగీత సరిపోయింది. పెట్టుబడి నాలుగు గింజలు.

ఆ సాయంత్రం నుంచి నాకొక ప్రశ్న పట్టుకుంది. సెలవులు రాగానే పిల్లల్ని ఏ శిబిరంలో చేర్పించాలి, ఎక్కడికి తీసుకెళ్ళాలి, ఎంతవుతుంది అని లెక్కలు వేసుకునే మనకు ముందు, ఇదే నేల మీద పిల్లలు వేసవిని ఎలా గడిపారు?

వేసగి, బేసిగె

బెంగళూరు నడిబొడ్డు నుంచి ఆగ్నేయంగా పాతిక కిలోమీటర్ల దూరంలో, ఆనేకల్ తాలూకాలో ఉంది సర్జాపుర. ఇంకాస్త ముందుకు పోతే తమిళనాడు సరిహద్దు, బాగలూరు, హోసూరు. ఆ వైపు పల్లెల్లో తరతరాలుగా తెలుగే ఇంటిమాటగా ఉన్న కుటుంబాలు ఎన్నో. ఉత్తరాన కోలారు, చిక్కబళ్ళాపురం సీమ. కైవారం తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు చెప్పిన నేల అది. బెంగళూరు కట్టించిన కెంపేగౌడ పేరు మీదే 'గంగాగౌరీ విలాసం' అనే తెలుగు యక్షగానం ఉంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో తెలుగు ఈ దారికి కొత్తగా వచ్చిందనుకుంటాం గానీ, మనకంటే చాలా ముందే అది ఇక్కడ కాపురం పెట్టింది.

ఋతువు పేరులోనే ఆ చుట్టరికం కనిపిస్తుంది. మన పాత తెలుగులో ఎండాకాలం వేసగి. కన్నడంలో బేసిగె. 'వ'కారం 'బ'కారమైంది, అంతే. ఒకే వేడికి రెండిళ్ళలో పెట్టుకున్న ఒకే పేరు.

ఊరికి మరో చరిత్ర ఉంది. చుట్టుపక్కల పల్లెలతో కలిపి సర్జాపుర ఒకప్పుడు జాగీరు. సైన్యాన్ని పోషించాలనే షరతు మీద ముఘల్ పాదుషాలు ఇచ్చిన జాగీరని మైసూరు గెజిటీర్లు చెబుతాయి. ఒకనాడు ఇక్కడ సన్నని మస్లిన్ బట్ట నేసేవారనీ, తర్వాతి కాలంలో నూలుబట్టలు, తివాచీలు, నూలు పట్టీలు తయారయ్యేవనీ అవే గెజిటీర్లలో ఉంది. నూలు పట్టీ అనగానే నాకు నవారు మంచం గుర్తొచ్చింది. వేసవి రాత్రి వాకిట్లో మంచాలు వాల్చి, చుక్కలు లెక్కపెడుతూ, తాతయ్య చెప్పే కథ సగంలోనే నిద్రపోయిన వాళ్ళకు నవారు బిగువు వీపుకు ఇంకా గుర్తుంటుంది. పిల్లల వేసవికి కథలూ చుక్కలూ ఎంత అవసరమో, ఆ మంచమూ అంతే అవసరం. అది నేసిన చేతులు ఇలాంటి ఊళ్ళవే.

సెలవు ఎవరిచ్చారు?

వేసవి సెలవులు ఎప్పటి నుంచో ఉన్నాయనుకుంటాం. మన పల్లెబడుల్లో సెలవుల లెక్క వేరుగా ఉండేది. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పున్నమి, అమావాస్య అనధ్యాయ దినాలు, అంటే చదువు చెప్పని రోజులు. సెలవు చంద్రుడి చేతిలో ఉండేది.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన ప్రెసిడెన్సీలోని బడులన్నిటి లెక్క తీయించాడు. 12,498 బడులు తేలాయి. బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక అందులో చాలా విలువైనది. ఆ జిల్లాలో 533 బడులుంటే 235 కన్నడం బడులు, 226 తెలుగు బడులు. రెండు భాషలూ పక్కపక్కనే కూర్చుని ఇసుకలో అక్షరాలు దిద్దుకున్నాయి. తెల్లవారగానే బడి మొదలయ్యేదట. అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్నా, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చినవాళ్ళకు ఒక్కోటి చొప్పున పెరుగుతూ పోయేవి. అలాంటి బడి నుంచి పున్నమినాడు ఇల్లు చేరిన పిల్లవాడి సంతోషం ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

చార్లెస్ వుడ్ విద్యా పత్రం 1854లో వచ్చింది. మైసూరు రాజ్యంలో విద్యాశాఖ 1857లో ఏర్పడింది. తరగతులు, వార్షిక పరీక్షలు, ప్రభుత్వ క్యాలెండరు వచ్చాక సెలవు చంద్రుడి చేతిలోంచి సూర్యుడి చేతిలోకి వెళ్ళింది. నెలకు ఎనిమిది రోజులుగా చెదిరి ఉన్న తీరిక ఎండాకాలంలో ఒక్క కుప్పగా పడింది. ఆ కుప్పలోంచే అమ్మమ్మగారి ఊరు, రైలు ప్రయాణం, పిన్నమ్మల పిల్లలతో వారాల తరబడి కలిసి ఉండడం పుట్టాయి.

ఈ క్యాలెండరు మన ఇళ్ళలో ఇప్పటికీ తన పని తాను చేస్తూనే ఉంది. కర్ణాటక ప్రభుత్వ బడులకు మామూలుగా ఏప్రిల్ రెండో వారంలో సెలవులు మొదలై మే నెలాఖరుకు ముగుస్తాయి. ఆంధ్ర, తెలంగాణ బడులకు ఏప్రిల్ చివరి వారంలో మొదలై జూన్ 12న తిరిగి తెరుస్తారు. సర్జాపురలో ఉన్న పిల్లలకూ తెనాలిలోనో కరీంనగర్‌లోనో ఉన్న వాళ్ళ మేనత్త పిల్లలకూ ఉమ్మడిగా దొరికేది దాదాపు అయిదు వారాలే. ప్రయాణం పెట్టుకునేవాళ్ళు ఆ అయిదు వారాలను ముందే గుర్తుపెట్టుకోవడం మంచిది.

కాలం మిగిల్చినవి

వేసవి ఆటల జాబితా రాసుకుని కాసేపు చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. వాటిలో ఒక్కదానికీ ప్రత్యేకంగా చేసిన స్థలం గానీ సామాను గానీ లేదు. వ్యవసాయం ఆ నెలల్లో ఏది వదిలేసిందో పిల్లలు దాన్ని అందుకున్నారు.

ఇక్కడి మెట్టనేలల్లో రాగి, అవరె చిక్కుళ్ళు, ఉలవలు పండుతాయి. సంక్రాంతి దాటి నూర్పిళ్ళు అయిపోయాక చేను ఖాళీ. బిళ్ళంగోడుకు అంతకంటే విశాలమైన మైదానం ఎక్కడుంది? బిళ్ళను కర్రతో లేపి కొడితే ఎంత దూరం పోయినా తొక్కిపాడయ్యే పంట లేదు. చెరువు ఎండితే పెద్దవాళ్ళు పూడికమట్టి తవ్వి బండ్లమీద చేలకు తోలుకునేవారు. ఆ గట్టిపడిన చెరువు నడుమ పిల్లలు పెంకులు పేర్చి ఏడుపెంకులాట ఆడేవారు. కన్నడ పిల్లలకు అది లగోరి. ఆ పెంకులు కూడా వానలకు ముందు ఇళ్ళ కప్పులు సరిచేసేటప్పుడు పగిలిపోయినవే.

మాఘ ఫాల్గుణాల్లో చింతకాయ రాలుతుంది. ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని పండు కొట్టి గింజ తీస్తారు. పండు జాడీలోకి, గింజ పిల్లల జేబులోకి. అష్టాచెమ్మాకు పాచికలు, వామనగుంటలకు గింజలు, సరిబేసి ఆటకు పందెం, అన్నిటికీ అవే. కోస్తాలో చింతపిక్క అన్నా, సీమలో చింతగింజ అన్నా, కన్నడంలో హుణసె బీజ అన్నా దక్షిణాది బాల్యానికి అదే చిల్లర నాణెం. మామిడి పండు తిన్నాక టెంక మిగిలేది. తాటిముంజలు తిన్నాక మిగిలిన కాయలకు పుల్ల గుచ్చితే బండి తయారయ్యేది.

మధ్యాహ్నం ఎండ మండిపోయేవేళ ఆట నీడలోకి జరిగేది. గుడి మండపం బండరాళ్ళ మీద పులిమేక గీతలు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. హంపి మండపాల్లోనూ అలాంటి చెక్కుడు గీతలున్నాయి. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకి చంపుతుంది, మేకలన్నీ ఒద్దికగా కూడి పులిని కదలకుండా కట్టేస్తాయి. గుడి కట్టిన కూలీలు చెక్కారో, సంతకు వచ్చి నీడకు చేరినవాళ్ళు చెక్కారో గానీ, రాతిలో అంత లోతుగా గీత పడాలంటే ఎన్ని తీరిక మధ్యాహ్నాలు కావాలి!

ఎద్దులకు తీరిక, అమ్మవారికి తేరు

పిల్లలకు దొరికిన తీరిక ఎద్దులకూ దొరికేది. చేలపని లేని ఆ నెలల్లో వాటి బలమంతా ఊరి పండగకు పెట్టుబడి. సర్జాపురకు పడమరన, పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న హుస్కూరు మద్దూరమ్మ జాతర చూసినవాళ్ళకు ఈ మాట చెప్పనక్కర్లేదు. ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో చుట్టుపక్కల ఊళ్ళు ఒక్కో తేరు కట్టి అమ్మవారి దగ్గరికి లాక్కుని వస్తాయి. వెదుళ్ళు, దూలాలు, తాళ్ళతో అంతస్తు మీద అంతస్తు లేపి, రంగురంగుల గుడ్డలు చుట్టిన ఈ తేర్లను ఇక్కడ కుర్జు అంటారు. నూరడుగులు దాటిన కుర్జులున్నాయి. జతల మీద జతల ఎద్దులు కట్టి, పొలాలకు అడ్డంపడి లాగేవారు. ఇప్పుడు ట్రాక్టర్లూ తోడొచ్చాయి.

దూరం నుంచి చూస్తే, దిగంతం మీద గోపురమొకటి నడిచి వస్తున్నట్టుంటుంది. నాన్న భుజాల మీద కూర్చున్న పిల్లవాడికి అది ముందు చిన్న చుక్క, తర్వాత దీపస్తంభం, తర్వాత ఆకాశమంత ఎత్తు. ఒక ఊరు ఊరంతా ఒక తాడు పట్టుకోవడం చూసిన పిల్లలకు కలిసి పనిచేయడమంటే ఏమిటో వేరే పాఠం అవసరం లేదు.

ఈ సంబరంలో ఒక విషాదమూ చెప్పుకోవాలి. 2024 ఏప్రిల్‌లో ఒక కుర్జు అదుపు తప్పి ఒరిగి కూలింది. 2025 మార్చిలో గాలివానకు తేర్లు కూలి ప్రాణాలు పోయాయి. ఊరికంటే ఊరు ఎత్తుగా కట్టాలన్న పోటీకి హద్దు ఉండాలని ఆ కుటుంబాల దుఃఖం చెబుతోంది. మొక్కు ఎత్తులో ఉండదు. జాతరకు పిల్లల్ని తీసుకెళ్ళండి, తప్పకుండా తీసుకెళ్ళండి. కుర్జు ఎత్తెంతో అంతకు రెట్టింపు దూరంలో నిలబడి చూపించండి. మబ్బు పట్టినా, గాలి లేచినా ఇంటికి బయల్దేరండి.

చైత్ర పున్నమికి బెంగళూరు నగర్తపేటలోని ధర్మరాయస్వామి గుడి నుంచి కరగ బయల్దేరుతుంది. ఆనేకల్‌లోనూ కరగ ఉంది. ద్రౌపదమ్మను ఆదిశక్తిగా కొలిచే తిగళ కులస్థుల పండుగ ఇది. మల్లెపూలతో కప్పిన కరగ కుండను తలమీద మోస్తూ వచ్చే పూజారిని చూడటానికి వీధులన్నీ తెల్లవార్లూ మేలుకుంటాయి. బెంగళూరు కరగ దారిలో మస్తాన్ సాహెబ్ దర్గా దగ్గర ఆగి వెళుతుంది. ఒక్క రాత్రి నిద్ర మానుకుంటే పిల్లలకు ఒక నగరం పాత మనసు కనిపిస్తుంది.

రాజుగారి తీరిక

తీరికలోంచి ఆట పుడుతుందనడానికి మైసూరు సింహాసనమే పెద్ద సాక్ష్యం. ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు (1794–1868) చేతుల్లోంచి 1831లో ఇంగ్లీషువాళ్ళు పాలన లాగేసుకున్నారు. రాజ్యం పోయిన రాజుకు కాలం మిగిలింది. ఆయన ఆ కాలాన్ని చిత్రాలకు, గ్రంథాలకు, ఆటలకు ఇచ్చాడు. చదరంగంలో గుర్రం ఒక గడిలో ఒక్కసారే దిగుతూ అరవై నాలుగు గళ్ళూ తిరిగి రావడమనే చిక్కుముడికి రకరకాల పరిష్కారాలు కట్టాడు. కొత్త గళ్ళ ఆటలు, గంజీఫా చీట్లాటలు కల్పించాడు. ఆయన పేరు మీదున్న 'శ్రీతత్త్వనిధి' తొమ్మిది నిధుల గ్రంథం. దేవతల రూపాలు వర్ణిస్తూ పోయిన ఆ గ్రంథంలో చివరిదైన కౌతుకనిధిలో ఆటలకూ చోటుంది. మైసూరు జగన్మోహన ప్యాలెస్ గోడల మీద ఆ ఆటల చిత్రాలు ఇప్పటికీ చూడొచ్చు.

అదే మైసూరులో రామ్‌సన్స్ కళాప్రతిష్ఠాన అనే సంస్థ పాత పలకలాటలను వెతికి, కొత్తగా చేయించి 'క్రీడాకౌశల్య' పేరుతో ప్రదర్శనలు పెడుతూ వస్తోంది. వామనగుంటల పీటలు, పులిమేక గుడ్డలు, పగడసాల పరుపులు అక్కడ మళ్ళీ చేతుల్లోకి వచ్చాయి. సర్జాపుర నుంచి మైసూరు ఒక్కరోజు ప్రయాణం. ప్యాలెస్ దీపాలు చూసి వచ్చేసేవాళ్ళు ఈసారి పిల్లల్ని జగన్మోహన ప్యాలెస్‌లోని ఆ ఆటల గోడ ముందు ఒక గంట నిలబెట్టండి.

ఈత, చెరువు, ట్యాంకరు

వేసవి అంటే ఈత. మోటబావిలో మెట్ల మీద నిలబెట్టి, నడుముకు ఎండు సొరకాయ బుర్ర గానీ మునగ బెండు గానీ కట్టి, మేనమామ ఒక్క తోపు తోసేవాడు. మూడు రోజులు నీళ్ళు మింగితే నాలుగో రోజు ఈత వచ్చేది.

ఇప్పుడా బావులు లేవు. దొడ్డకన్నెల్లి దగ్గర విప్రో కార్యాలయం, ఆ వెనకే మరెన్నో కంపెనీలు, అపార్టుమెంట్లు వచ్చి సర్జాపుర రోడ్డు నగరంలో కలిసిపోయింది. చేనుకు నీళ్ళు తోడిన చోట ఇళ్ళకు ట్యాంకర్లు వస్తున్నాయి. 2024 వేసవిలో నీటికరువు ముదిరి, తాగునీటితో ఈతకొలనులు నింపకూడదని బెంగళూరు జలమండలి మార్చిలో ఆదేశమిచ్చింది. తప్పితే 5,000 రూపాయల జరిమానా. ఎండిన నీలిరంగు కొలను అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్న పిల్లల్ని ఆ ఏడాది మా కాంపౌండులో చూశాను. చెరువు పోతే ఈత కూడా పోతుందని ఆ రోజు నాకు అర్థమైంది.

అయితే చెరువును తిరిగి తెచ్చుకున్న కథా ఇదే రోడ్డు మీద ఉంది. కైకొండ్రహళ్ళి చెరువు దాదాపు 48 ఎకరాలు. మురుగు చేరి చచ్చిపోతున్న దాన్ని చుట్టుపక్కల జనం పట్టుబట్టి, నగరపాలికతో కలిసి 2010 ప్రాంతంలో బాగు చేయించుకున్నారు. బెంగళూరు చెట్లు, చెరువుల మీద పరిశోధించిన హరిణీ నాగేంద్ర తన రచనల్లో ఈ చెరువు సంగతి రాశారు. ఆమె పాఠాలు చెప్పే అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం ఇప్పుడు సర్జాపుర దగ్గర బూరుగుంటె ఊళ్ళోనే ఉంది. ఆ ఊరి పేరులో వినిపించే బూరుగ కన్నడ చెట్టా, తెలుగు చెట్టా అని అడగక్కర్లేదు. దూది రెండు భాషల మీదుగానూ ఎగురుతుంది.

పొద్దున్నే ఆరున్నరకు ఆ గట్టు మీదికి పిల్లల్ని తీసుకెళితే నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ కనిపిస్తాయి. పేర్లు చెప్పే తొందర వద్దు. ఒక పక్షిని పది నిమిషాలు చూసి, ఏం చేసిందో చెప్పమనండి. లోతు తెలియని చెరువుల్లోకి, క్వారీ గుంటల్లోకి మాత్రం ఎంత బతిమాలినా దిగనివ్వొద్దు. ఈత నేర్చుకునే చోట నేర్పేవాళ్ళు ఉండాలి.

శిబిరాల కాలం

శిబిరం అంటే దండు విడిది. పిల్లల శిబిరానికీ మూలం దండే. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైనప్పుడు, కనెటికట్ రాష్ట్రంలోని ఒక బడి పిల్లలకు సైనికుల్లాగా గుడారాల్లో ఉండాలని కోరిక పుట్టింది. బడి నడిపే ఫ్రెడరిక్ గన్, ఆయన భార్య అబిగెయిల్ వాళ్ళను సముద్రతీరానికి నడిపించుకుని వెళ్ళి రెండు వారాలు అక్కడే ఉంచారు. పడవలు, చేపలు, మంటల చుట్టూ కథలు. పిల్లల వేసవి శిబిరాలకు అదే తొలి అడుగని చెబుతారు. సైన్యాన్ని పోషించడానికి జాగీరుగా ఇచ్చిన సర్జాపురలో ఈనాడు వీధివీధికీ పిల్లల శిబిరం బోర్డు వేలాడుతోంది.

మన తెలుగు పిల్లలకు ఆ పని వేరేగా జరిగింది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా మద్రాసు రేడియో నుంచి పిల్లల్ని పలకరించారు. 1945లో 'బాల' పత్రిక పెట్టారు. పిల్లలే రాసి, పిల్లలే ఆడి, పిల్లలే పాడే బాలానంద సంఘాలు ఊళ్ళలో వెలిశాయి. 1947 జులైలో 'చందమామ' తెలుగు, తమిళాల్లో వచ్చింది, మరుసటి ఏడాది కన్నడంలోనూ వచ్చింది. మండువేసవి మధ్యాహ్నం అరుగు మీద బోర్లా పడుకుని తెలుగు పిల్లవాడూ కన్నడ పిల్లవాడూ అవే బొమ్మల కింద అదే కథ రెండు లిపుల్లో చదివారు. కర్ణాటకలో బి.వి. కారంత్ 1989లో మొదలుపెట్టిన మైసూరు రంగాయణ వేసవుల్లో 'చిణ్ణర మేళ' పెట్టి వందల మంది పిల్లల్ని రంగస్థలం ఎక్కించింది. ఇప్పుడు కర్ణాటక గ్రామ పంచాయతీల్లోని అరివు కేంద్ర గ్రంథాలయాలు కూడా సెలవుల్లో పిల్లలకు శిబిరాలు నడుపుతున్నాయి.

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇంట్లో శిబిరం పెద్ద అండ. చేర్పించినందుకు ఏ తల్లీ తండ్రీ బాధపడక్కర్లేదు. నేను కోరేదల్లా ఒకటే: పిల్లల రోజంతా ఎవరో గీసిన గళ్ళతో నింపేయకండి. ఒక గడి ఖాళీగా ఉంచండి. "ఏమీ తోచట్లేదు" అని పిల్లలు గునిసే ఆ గంటలోనే, ఎండిన చెరువులో పెంకులు పేర్చిన పిల్లవాడి బుద్ధి మేలుకుంటుంది.

ఈ సెలవులకు

బెంగళూరు ఎండ పాతది కాదు. తొమ్మిది వందల మీటర్ల ఎత్తున చల్లగా ఉండే ఊరని పేరున్న ఇక్కడ 2016 ఏప్రిల్‌లో 39.2 డిగ్రీలు నమోదైంది. అందుకే రోజును పాతకాలపు వాళ్ళలాగే పంచుకోవాలి. పొద్దున చెరువుగట్టు. పదకొండు నుంచి నాలుగు దాకా నీడలో పలకలాటలు, పుస్తకాలు. కాంపౌండులోని పెద్దవాళ్ళను ఒక్కొక్కరినీ ఒక్కో ఆట నేర్పమని అడగండి. తమిళ తాతగారు దాయం, ఒడియా అమ్మమ్మ ఇంకేదో, రాయచూరు ఆంటీ చౌకాబారా నేర్పుతారు. పిల్లలు ఆ నియమాలను ఒక పుస్తకంలో రాసి పెడితే, సెలవులయ్యేసరికి ఆ కాంపౌండుకు సొంత కౌతుకనిధి తయారవుతుంది. సాయంత్రం ఉరుములతో మామిడి జల్లు పడితే, పిడుగుల హోరు తగ్గాక మట్టి వాసన చూడటానికి పంపండి.

ఆదివారాలకు మన తాలూకాలోనే బన్నేరుఘట్ట ఉంది, అక్కడ 2006లో తెరిచిన సీతాకోకచిలుకల పార్కు ఉంది. నగరంలోకి వెళితే 1962లో నెహ్రూ ప్రారంభించిన విశ్వేశ్వరయ్య మ్యూజియంలో యంత్రాల మీటలు పిల్లలే తిప్పి చూడొచ్చు. 1760లో హైదరాలీ వేయించిన లాల్‌బాగ్‌లో మామిడి మేళా పెడతారు. మన బంగినపల్లి అక్కడ బేనిషాగా, ఆల్ఫాన్సో బాదామిగా పిలిపించుకుంటాయి. రసపురి, సెందూర, మల్లిక వాసన చూసి పేరు చెప్పే పోటీ పెట్టండి. తిన్న టెంకలు పారేయకుండా ఒక కుండీలో నాటించండి.

మే నెలాఖరులో అమ్మ ఊరికి బయల్దేరే ముందురోజు పాపకు వామనగుంటలు నేర్పింది. పీట లేదు. గుడ్ల అట్టలు కత్తిరించి వరసకు ఏడు చొప్పున పద్నాలుగు గుంటలు చేసుకున్నారు. ఒక గుంటలోని గింజలన్నీ తీసి వరసగా ఒక్కోటీ జారవిడుస్తూ పోవాలి. చేతిలో గింజలు అయిపోయాక తర్వాతి గుంటలోవి తీసుకుని మళ్ళీ పంచాలి. అలా పోతూ పోతూ చేయి ఖాళీ గుంట ముందు ఆగింది. పాప మొహం చిన్నబోయింది.

"అయిపోయిందా అమ్మమ్మా? ఓడిపోయానా?"

"ఓడిపోవడమేంది! ఆ ఖాళీ గుంటను వేలితో తుడువు. పక్క గుంటలో ఎన్నుంటే అన్నీ నీవే."

పాప తుడిచింది. పక్క గుంటలో తొమ్మిది గింజలున్నాయి.